ఇరవై రెండు బై ఏడు

ఇరవై రెండు బై ఏడు అకరణీయ సంఖ్యా, కరణీయ సంఖ్యా? పద్నాలుగేళ్ళుగా రాజగోపాల్‌ను పీడిస్తున్న సందేహం అది. పూజలో కూర్చున్నా దేవుడికంటే ముందు ఆ భిన్నమే కళ్ళకు కట్టేది.

1987 వేసవిలో ఒకనాడు తెగించి కుప్పంలో బస్సెక్కాడు. దారిలో చౌడేపల్లెలో దిగి, పాత పరిచయస్థుడు మునెయ్యను వెంటబెట్టుకున్నాడు. పాలక్యాన్లు కడుగుతున్న మునెయ్య అతన్ని చూడగానే బీడీ పారేసి, ఎందుకని కూడా అడక్కుండా బయల్దేరాడు.

మదనపల్లెలో లెక్కల లెక్చరర్ ప్రసాదరావు ఇద్దరికీ కుర్చీలు వేశాడు. ఎంత చెప్పినా మునెయ్య మాత్రం గడప దగ్గరే నిలబడ్డాడు.

"అడగండప్పా, ఏమి డౌటు?"

రెండు పెన్నులున్న జేబులోంచి రాజగోపాల్ పాతబడిన కాగితం తీసి, పేరున్న మడత విప్పకుండా చూపించాడు.

"తొమ్మిదో తరగతి పరీక్ష సార్. ఇరవై రెండు బై ఏడు ఏ రకం సంఖ్యంటే, అకరణీయమని జవాబు. దానికి తప్పు పడింది."

"తప్పు యాల? పైనా కిందా పూర్ణసంఖ్యలే గదా. భిన్నంగా రాయగలిగితే అకరణీయమే."

"అది π విలువ గదా సార్? π కరణీయమని పుస్తకంలోనే ఉండాది."

"ఆడే ఉండాది తిరకాసు. అది π కాదప్పా, π కి దగ్గరి చుట్టం. భాగించి చూడండి, గానుగెద్దు మాదిరి అవే అంకెలు తిరిగి తిరిగి వస్తాంటాయి. π అట్ల కాదు, ఎంత దూరం పోయినా పాత దావ పట్టదు. రెండూ వాస్తవ సంఖ్యలే, రకాలు వేరు."

రాజగోపాల్ ముఖం పాలిపోయింది. "అయితే ఒక మార్కు రావాల్సింది."

"రావాల్సిందే. మొత్తం ఎన్నొచ్చినాయి?"

"ముప్పై నాలుగు."

"అయ్యో, ఒక్క మార్కుతో ఫెయిలా!"

"చదువు ఆడికే ఆగిపాయె సార్."

ప్రసాదరావుకు ఒళ్ళు మండింది. "ఎవుడప్పా ఇది దిద్దిన మహానుభావుడు? బర్రెలు కాయాల్సినోడు!"

గడప దగ్గర మునెయ్య నవ్వాడు. "బర్రెలు కాసేది అంత సులువు గాదు సార్, లెక్క తప్పితే తంతాయి. సామీ, పాలు పితికే పొద్దాయె. ఒక మార్కు కోసరం ఇంత దూరం వస్తారా యాడన్నా?"

"నువ్వుండు మునెయ్యా."

"పోనీండి," అన్నాడు ప్రసాదరావు జాలిగా. "ఆ దిద్దినాయన ఎప్పుడన్నా ఎదురైతే గట్టిగా అడగండి."

"రోజూ ఎదురవతానే ఉంటాడు సార్. ఏమనాలో తెలీక ఊరికే ఉండాను."

రాజగోపాల్ కాగితం పూర్తిగా విప్పాడు. రెండో పెన్ను తీసి ముప్పై నాలుగు కొట్టేశాడు, ముప్పై ఐదు వేశాడు. ఎర్రసిరా.

"మీకు మీరే వేసుకుంటే ఏమొస్తాదప్పా?" ప్రసాదరావు నవ్వాడు.

మార్కుల పక్కనున్న తన పాత సంతకం కిందే మళ్ళీ సంతకం చేసి, రాజగోపాల్ ఆ పేపరును అది రాసిన మునెయ్య చేతిలో పెట్టాడు.