చేతికందితే దిస్

“దట్ ఈజ్ మై వైఫ్!”

స్టాఫ్ రూములో తలలన్నీ అటు తిరిగాయి. మరుక్షణం లెక్కల టీచరు కిసుక్కుమంది. సైన్సు మాస్టారు నవ్వాపుకోలేక టీ కప్పులో మొహం దాచుకున్నాడు. ఆ మాటన్న పెయింటరు మాత్రం చాపిన చెయ్యి చాపినట్టే ఉంచి, తెలుగు ముక్క రాని కొత్త హెడ్‌మిస్ట్రెస్ ముందు నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా తళతళలాడుతోంది గానీ, గోళ్ళ సందుల్లో నీలం రంగు కిరసనాయిలుతో రుద్దినా వదల్లేదు.

ఆ చెయ్యి చూపిస్తున్నది ఇంగ్లీషు టీచర్ని. ఆవిడ గది అవతలి మూల అల్మారా దగ్గర కప్పులు సర్దుతోంది. టీచర్ల కుటుంబాలకు ఇచ్చిన టీ పార్టీలో అంతసేపూ మొగుడి పక్కనే నిలబడ్డ మనిషికి, సరిగ్గా హెడ్‌మిస్ట్రెస్ ఇటు నడిచొస్తున్నప్పుడే ఆ కప్పులు ఎందుకు గుర్తొచ్చాయో ఆవిడకే తెలియాలి.

“ఓ! దట్ లేడీ?” అంటూ హెడ్‌మిస్ట్రెస్ మెడ సాచి చూసింది.

ఇంగ్లీషు టీచరుకి తల కొట్టేసినట్టయింది. ఆరో తరగతికి దిస్, దట్ నేర్పేది తనే. ఇంగ్లీషు విభాగాన్ని ఎవరి చేతిలో పెట్టాలో వచ్చే వారం తేల్చేది ఈ హెడ్‌మిస్ట్రెస్సే. ఇంట్లో మనిషికే నేర్పలేనిది బళ్ళో ఏం నేర్పుతుందనుకోరూ!

“ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు టీచరుగారూ,” లెక్కల టీచరు చెవిలో ఊదనే ఊదింది.

ఇంగ్లీషు టీచరు మొహాన నవ్వు పులుముకుని, “ఒకసారి ఇలా రండి” అని భర్తతో అనేసి గబగబా వరండాలోకి నడిచింది. అతను వెనకాలే వచ్చాడు.

“నా పరువు తీశారు కదండీ!”

“ఏం చేశాను?”

“పది రోజులు బట్టీ పట్టించాను. పక్కనున్న మనిషిని పరిచయం చేసేటప్పుడు దిస్ అనాలని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. దిస్ ఈజ్ మై వైఫ్. నాలుగంటే నాలుగు ముక్కలు! పొద్దున గడ్డం గీసుకుంటూ కూడా అన్నారు.”

“అన్నాను.”

“దీజ్, దోజ్ కూడా చెప్తానంటే, ‘నాకున్నది ఒక్క పెళ్ళామే, వాటితో నాకేం పని’ అని వేళాకోళం ఒకటి. ఆ ఒక్కదాన్నైనా సరిగ్గా చెప్పారా? పైగా దొంగని పట్టిచ్చినట్టు చెయ్యెత్తి చూపించడమా! అందరి ముందూ నాకెంత తలవంపులో మీకేమైనా తెలుసా?”

“తెలుసు.”

అతను గోడ మీద పెచ్చులూడిన సున్నాన్ని వేలితో తడుముతున్నాడు. ఆ నిదానం చూస్తే ఆవిడకు ఒళ్ళు మండిపోయింది. లోపల్నించి మళ్ళీ నవ్వులు వినబడ్డాయి. తన గురించేనేమోనని చెవులు వేడెక్కాయి.

“గరిటె చేతికిచ్చి మరీ చెప్పాను. అటక మీద బిందె చూపించి చెప్పాను. ఎంత తేలిగ్గా చెప్పానండీ! మా ఆరో తరగతి పిల్లలు ఒక్కసారి చెబితే పట్టుకుంటారు. ఏమని చెప్పాను? ఏదీ, అప్పజెప్పండి!”

అతను గోడ మీంచి చెయ్యి తీసేసి, పాఠం అప్పజెప్పే పిల్లాడిలా చేతులు కట్టుకున్నాడు.

“చేతికందితే దిస్. అందకపోతే దట్.”

“వచ్చు కదా! మరి అక్కడేమైంది?”

“దిస్ అందామనే చెయ్యి చాపాను. నువ్వు అందలేదు.”