ఒళ్లో చేతులు

విమానాలు వాటంతటవే ఎగరడం మొదలై పదేళ్లయినా, ముందు సీట్లో మనిషి లేకపోతే జనం ఎక్కడం లేదు. అందుకే విరజకు కడప నుంచి విశాఖ వెళ్లే చిన్న విమానంలో పైలట్ ఉద్యోగం దొరికింది. కూర్చోవడమే పని. నెలలో మూడుసార్లు స్టీరింగు ముట్టుకుంటే ఉద్యోగం ఊడుతుంది. వారం తిరక్కుండానే ఆమె రెండుసార్లు ముట్టుకుంది.

పక్క సీట్లో కెప్టెన్ మస్తాన్‌వలీ రోజూలాగే ఒళ్లో పేపరు పరుచుకుని గోరుచిక్కుళ్లకు ఈనెలు తీస్తున్నాడు.

"ఇక్కడ ఇదేం పని సార్?"

"ఇంట్లో చేస్తే మా ఇంటామెకు సాయం. ఈడ చేస్తే నా ఉద్యోగానికి సాయం."

నల్లమల మీద మబ్బుల్లోకి దూరగానే విమానం ఒక్కసారిగా కిందికి జారింది. వెనక ఎవరో కేక పెట్టారు. నాలుగేళ్లు నేర్చుకున్న చేతులు ఆగలేదు. విరజ వేళ్లు స్టీరింగుకు జానెడు దూరంలో ఉండగా మస్తాన్‌వలీ ఆమె చేతుల్లో గుప్పెడు కాయలు కుక్కాడు.

"తియ్ పాపా! అది చూసుకుంటాది. నువ్వు కాయలు చూడు."

విరజ పళ్లు బిగబట్టి ఈనెలు తీసింది. విమానం తనంతట తానే సర్దుకుని, విశాఖలో మెత్తగా దిగింది.

తలుపు దగ్గర నిలబడి దణ్ణం పెట్టడం కూడా ఉద్యోగమే. ఒక ముసలామె ఆగి, విరజ చేతులు రెండూ పట్టుకుని కళ్లకద్దుకుంది.

"అంత కుదుపులో మమ్మల్ని కాపాడినాయి తల్లీ ఈ చేతులు. చల్లగుండాల." అంతలో ఏదో వాసన తగిలి నవ్వింది. "గోరుచిక్కుళ్లు! పొద్దున్నే వంట కూడా చేసొచ్చినావా?"

విరజ తలూపింది. చేతులు మాత్రం వెనక్కి దాచుకుంది.