చప్పుడు లేని పెట్టె

"పైన పట్టదు" అని ఫోన్‌లో టైపు చేశాడు తోలెగెన్. "రేడియేటర్ పూర్తిగా దిగక ముందే మెమరీ ముక్కలకి తగులుతోంది."

ఫోటో కూడా పంపాడు. వంటింటి బల్ల మీద పక్కలు ఊడదీసిన కంప్యూటర్ పెట్టె, దాని ముందు రెండు నల్ల గొట్టాలు వేలాడుతున్న, కంప్యూటర్‌ని నీళ్ళతో చల్లబరిచే లిక్విడ్ కూలర్.

కాసేపటికి కుషిక్ జవాబు వచ్చింది. అక్కడ తోలెగెన్ పెట్టుకున్న పేరు తైమాస్.

"అది కంప్యూటర్ పెట్టెనా, బిస్కెట్ల డబ్బానా? ఇంత చవక డబ్బాలో నీళ్ళ కూలర్ ఎవరైనా పెడతారా తైమాస్? కొత్త పెట్టె కొనుక్కో."

"నాకు ఈ పెట్టే కావాలి."

"ఎందుకంత మొండితనం?"

ఆ పెట్టె తోలెగెన్ కొడుకు దియార్‌ది.

కరగాండా పట్టణంలో బస్సు నడిపే మనిషికి లిక్విడ్ కూలర్‌తో పనేమిటి? ఏ పనీ లేదు. కథ కూలర్‌ది కాదు, పిల్లాడిది. తొలిచూలు బిడ్డ తాతకే చెందాలని వాళ్ళ జాతిలో ఆనవాయితీ. దియార్ పుట్టిన ఏడాదే తోలెగెన్ వాడిని తీసుకెళ్ళి పల్లెలో తండ్రి చేతుల్లో పెట్టి వచ్చాడు. అందరూ చేసేదే కదా అనుకున్నాడు. పిల్లాడు తాతని నాన్నా అన్నాడు, కన్నవాళ్ళని అన్నా, వదినా అన్నాడు. చదువుకోసం వచ్చి వీళ్ళింట్లో ఉన్నప్పుడూ అవే పిలుపులు. ముసలాయన్ని పాతిపెట్టి వచ్చిన రోజు తోలెగెన్ ఉండబట్టలేకపోయాడు.

"ఇకనుంచైనా నన్ను నాన్నా అనరా."

"మా నాన్నని ఇప్పుడే మట్టిలో పెట్టి వచ్చాను అన్నా" అన్నాడు దియార్. సంచీ సర్దుకుని వెళ్ళిపోయాడు. నంబరు కూడా మార్చేశాడు.

ఆ రోజు నుంచి తోలెగెన్ భార్య రౌషన్ అతనితో మాట్లాడటం మానేసింది. వండినది బల్ల మీద పెడుతుంది, తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటుంది. ఇల్లు చిన్నదే అయినా అందులో ఒంటరితనానికి మాత్రం బోలెడంత చోటుంది.

కంప్యూటర్లు బిగించేవాళ్ళ గ్రూపు ఒకటుంది. దియార్ ఎప్పుడూ అందులోనే పడి ఉండేవాడు. తోలెగెన్ అందులో తైమాస్ అనే దొంగపేరుతో చేరి, వాడు తగులుతాడేమోనని పిచ్చి పిచ్చి ప్రశ్నలు అడిగేవాడు. ఒకరోజు కుషిక్ అనే పేరుతో ఎవరో జవాబిచ్చారు. కుషిక్ అంటే కుక్కపిల్ల. దిష్టి తగలకూడదని ముసలాయన దియార్‌కి పెట్టుకున్న ముద్దుపేరు. ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు. ఇది దియారే అనుకున్నాడు తోలెగెన్. తనెవరో చెబితే వాడు ఇక్కడినుంచి కూడా మాయమైపోతాడు. అందుకని చెప్పలేదు, అడుగుతూనే పోయాడు. ప్రశ్నలు అయిపోవచ్చేసరికి కూలర్ కొన్నాడు.

"పైన కాకపోతే ముందువైపు బిగించు."

"ముందు హార్డ్ డిస్క్ గూడు అడ్డం. స్క్రూలు లేవు, రివెట్లు కొట్టారు."

"ఆగు, కనుక్కుని చెప్తా."

"నీకే తెలీదా?"

"అన్నీ అమ్మ కడుపులోనే నేర్చుకుని వస్తారా ఏంటి?"

తోలెగెన్ ఆగాడు. జవాబు మెల్లిగా వచ్చింది. "రివెట్ల తలలు డ్రిల్‌తో ఎగరగొట్టు. బోర్డు మీద గుడ్డ కప్పు, ఇనప రజను పడుతుంది."

గూడు ఊడింది, వేలు తెగింది, రేడియేటర్ మాత్రం ముందువైపు కొలిచి చేసినట్టు కూర్చుంది. పంపు కూడా బిగించాడు.

"పంపు అడుగున ప్లాస్టిక్ పొర తీశావా?"

తియ్యలేదు. "తీశాను" అని అబద్ధమాడి, గబగబా విప్పి తీసి మళ్ళీ బిగించాడు.

"ఇప్పుడు తీసి ఉంటావులే."

వంటింట్లో ఒక్కడే పగలబడి నవ్వాడు. ఆ ఇంట్లో నవ్వు వినబడి చాలా కాలమైంది.

"పొద్దున్నుంచి ఏమన్నా తిన్నావా?"

"టీ తాగా."

"ఖాళీ కడుపున టీ తాగడం, మళ్ళీ మంట మంట అని మూలగడం."

తోలెగెన్ చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. కడుపులో మంట తైమాస్‌కి లేదు, తోలెగెన్‌కి ఉంది. అది ఈ ఇంట్లో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. అంటే తనెవరో వాడికి తెలుసు. తెలిసి కూడా మాట్లాడుతున్నాడు!

వీధి తలుపు తెరుచుకుంది. బజారుకి వెళ్ళిన రౌషన్ బూట్ల మంచు దులుపుకుని లోపలికొచ్చింది. మాంసం కూరి కాల్చిన వేడి సంసాల పొట్లం బల్ల మీద పెట్టి, అతని వైపు చూడకుండానే తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

అతను నిలబడే రెండు సంసాలు తిన్నాడు. పెట్టె మూసి, మీట నొక్కాడు. ఇదివరకు ఆ పెట్టెలో ఫ్యాను లారీలా రొదపెట్టేది, రౌషన్ గోడ మీద కొట్టేది. ఇప్పుడు చెవి ఆనించినా చప్పుడు లేదు. తెర మీద వెలుగు వచ్చింది. ఇక అడగడానికి ఏ ప్రశ్నా మిగల్లేదు.

కుర్చీ లాక్కుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు.

"కుషిక్, నేను తైమాస్‌ని కానని నీకు తెలుసు. నిన్ను తాతకి ఇచ్చేటప్పుడు మీ అమ్మని ఒక్కమాట అడగలేదు. పాలు తాగుతున్నవాడిని ఒళ్ళోంచి తీసుకెళ్ళిపోయాను. తను ఏడుస్తుంటే ఆనవాయితీ అన్నాను. తప్పంతా నాదే. ఆ మాట ఇన్నేళ్ళలో తనతో ఒక్కసారి కూడా అనలేకపోయాను. నన్ను నాన్నా అనకపోయినా పరవాలేదు. తనని మాత్రం ఒక్కసారి అమ్మా అని పిలువు."

కళ్ళు మూసుకుని పంపేశాడు.

ఆ క్షణమే పక్క గదిలో రౌషన్ ఫోన్ మెసేజ్ వచ్చినట్టు టింగుమంది.