పిల్లిపెసర కింద మధ్యాహ్నం

తొలకరి పడగానే, ఎర్రటి మఖమల్ చొక్కా తొడుక్కున్న ఆరుద్ర పురుగు బత్తాయి తోటలో నేల మీదికొచ్చింది. వచ్చి బిత్తరపోయింది. పైన ఆకాశం లేదు. ఎటు చూసినా చల్లటి, పచ్చటి చీకటే!

పక్కనే పాలిపోయిన మొలక ఒకటి వణుకుతోంది. నిరుడు బత్తాయి చెట్ల నోటికాడి నీళ్ళు లాగేసుకుని, తోటంతటికీ తానే రాణినని విర్రవీగిన వయ్యారిభామ కలుపుకి అది కూతురు.

"అక్కా, ఇంకా తెల్లారలేదా? తెల్లారనీ, ఈ చెట్ల పని పడతాను!" అంది మొలక.

ఆరుద్ర ఒక తీగ పట్టుకుని పైకి పాకింది. పైన ఎండ ఫెళ్ళున కాస్తోంది. మిట్టమధ్యాహ్నం! నేలకి పచ్చిరొట్ట ఎరువుగా రైతు చల్లిన పిల్లిపెసర తీగ, చెట్టుకీ చెట్టుకీ మధ్య జానెడు నేలైనా వదలకుండా అల్లుకుని, గాలికి అలలా లేస్తోంది. నిరుటి కలుపు తల ఒక్కటీ పైన కనబడలేదు.

"అంత కలుపునీ ఏ కత్తితో కొట్టావమ్మా?" అని నోరెళ్లబెట్టింది ఆరుద్ర.

"నేనెవర్ని కొట్టాను తల్లీ? నేల ఒంటిమీద బట్ట లేదని కప్పాను, అంతే," అంది పిల్లిపెసర.

ఆరుద్ర మెల్లగా కిందికి దిగింది.

"తెల్లారిందా అక్కా?" మొలక గొంతు సన్నగిల్లింది.

ఆరుద్ర తలెత్తి ఆ పచ్చటి కప్పు వంక భక్తిగా చూసింది.

"లేదమ్మా," అంది. "పడుకో."