మొదటిసారి తూటాలు నింపేవారికి

మూడో పుస్తకం కూడా మూసేశాడు ఓర్లిన్ హాగెన్.

"దానికేం రోగం?" అంది వేట సామాన్ల కొట్టు కౌంటర్ వెనక నుంచి జోలీన్. "బొమ్మలు కూడా వేశారు. మా మనవడికిచ్చినా అర్థమవుతుంది."

"ఇందులో లేదు."

"ఏం లేదు?"

ఓర్లిన్ అరలోంచి నాలుగోది తీశాడు.

అది గురువారం. శనివారం మధ్యాహ్నం ఫెజంట్ పిట్టల వేట మొదలవుతుంది. సౌత్ డకోటాలో ఆ రోజు ఎవరూ పెళ్ళిళ్ళు కూడా పెట్టుకోరు. అప్పటికి ఓర్లిన్ దగ్గర తన చేత్తో నింపిన తూటాలు నాలుగైనా ఉండాలి. ఆసుపత్రి మంచం మీద భార్య బెర్నీస్ అడిగింది అదొక్కటే.

"నువ్వే నింపాలి. ఇంకెవరి చేతా నింపించకు. తొలివేట నాటికి అయిపోవాలి."

సరేనన్నాడు. పదకొండు రోజుల తర్వాత ఆమె పోయింది.

నలభై మూడేళ్ళ కాపురంలో ఇంట్లో తూటాలన్నీ బెర్నీసే నింపింది. చలికాలమంతా నేలమాళిగలో యంత్రం ముందు కూర్చునేది. పేలిన గొట్టాలు తుడిచి, మందు తూచి, సీసపు గుళ్ళు పోసి, మీట నొక్కి మూతి ముడిచేది. "వచ్చి నేర్చుకోరాదూ, ఎంతసేపు పడుతుంది?" అని పిలిచేది. ఓర్లిన్ పైన టీవీలో ఫుట్‌బాల్ చూస్తూ, నువ్వున్నావుగా అనేవాడు. ఒక్కసారి కూడా మెట్లు దిగలేదు.

నిన్న దిగాడు. ఆరు గొట్టాలు నలిగిపోయాయి. ఏడోదాని మూతి ముడుచుకోలేదు. మందు ఎక్కువైతే తుపాకీ మొహం మీదే పేలుతుందని తెలుసు. తక్కువైతే ఏమవుతుందో తెలీదు. చెయ్యి తగిలి సీసపు గుళ్ళు నేలంతా దొర్లాయి. వాటి మధ్య మోకాళ్ళ మీద కూలబడి, ఏరే ఓపిక కూడా లేక, అలాగే ఉండిపోయాడు.

"నా మాట విను పెద్దాయనా," అంది జోలీన్. "కంపెనీవి రెండు పెట్టెలు పట్టుకుపో. పిట్టకేం తెలుస్తుంది తేడా?"

"కొన్నవి పనికిరావు."

"బెర్నీస్ నింపినవి మిగల్లేదా?"

"ఉన్నాయి. రెండు పెట్టెలు."

"మరింకేం. వాటితో కాల్చు. ఆవిడకీ సంతోషమేగా."

"అవీ పనికిరావు."

కాఫీ కుండ దగ్గర నిలబడ్డ డ్వేన్ ఫాల్క్ నవ్వాడు. ఓర్లిన్‌కి పక్క పొలం వాడు.

"ఇవాళ పుట్టిందా బుద్ధి? ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఒక్క గొట్టం తుడిచిన పాపాన పోలేదు నువ్వు." కప్పు కింద పెట్టి దగ్గరికొచ్చాడు. "సరేలే, సరుకు ఇటు పడెయ్. మా షెడ్డులో అరగంటలో నింపేసి ఇస్తా."

"వద్దు."

"ఏం, నా పని నీకు ఆనదా?"

"నీ చెయ్యి పడకూడదు."

డ్వేన్ మొహం ముడుచుకుంది. బెర్నీస్ కోసం చర్చిలో ప్రార్థన జరిగిన రోజు ఇరుగుపొరుగు వండి ఓర్లిన్ ఇంటికి పంపిన పద్నాలుగు హాట్‌డిష్ కూర గిన్నెల్లో డ్వేన్ పెళ్ళానిదీ ఒకటి. ఆ తర్వాత గిన్నెల కోసం వచ్చినవాళ్ళు తప్ప ఎవరూ ఆ గడప తొక్కలేదు. ఓర్లిన్ అది మర్చిపోలేదు. మర్చిపోయే ఉద్దేశమూ లేదు.

"ముసలాడికి మతి పోయింది," అని జోలీన్‌తో అని, డ్వేన్ తలుపు గట్టిగా వేసి పోయాడు.

ఓర్లిన్ నాలుగో పుస్తకం తిరగేస్తున్నాడు. జోలీన్ కౌంటర్ మీదికి వంగింది.

"నేనొకటి అడగనా? కొత్తవాళ్ళంతా ముందు మందు పేజీ తీస్తారు. భయం కదా. నువ్వు నాలుగింట్లోనూ సీసపు గుళ్ళ పేజీయే తీశావు."

"తియ్యకూడదా?"

"అక్కడేముంది చూడ్డానికి? ఇంత బరువు పొయ్యి అని ఉంటుంది. అంతే."

నిజమే. ప్రతి పుస్తకంలోనూ అంతే ఉంది. దాని కింద లావు అక్షరాల్లో ఇంకో మాట ఉంది. రాసింది రాసినట్టు చెయ్యండి, ఒక సరుకు బదులు మరొకటి వాడకండి, ప్రాణాల మీదికి వస్తుంది. ప్రతిసారీ అక్కడికొచ్చేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగి అక్షరాలు అలుక్కుపోతున్నాయి. అసలే ఎనిమిదో తరగతి దాటని చదువు. ఇంట్లో ఏ కాగితం వచ్చినా చదివి చెప్పింది బెర్నీసే.

నాలుగోది కూడా మూసి, దాని మీద రెండు చేతులూ ఆనించి తల వంచేశాడు.

"నా వల్ల కాదు," అన్నాడు. "రెండ్రోజులే ఉంది. నా వల్ల కాదు తల్లీ."

జోలీన్ కౌంటర్ ఇవతలికి వచ్చింది. పుస్తకాలన్నీ పక్కకి నెట్టి, అతని చేతిలో పెన్సిలు పెట్టింది.

"ఇవి వదిలెయ్. ఇరవై ఏళ్ళుగా నేను నింపుతూనే ఉన్నా. భయపడకు, నేను చెయ్యి పెట్టను. నోటితో చెప్తా, నువ్వు రాసుకుపోయి నింపుకో. సరేనా?"

ఓర్లిన్ తల ఊపాడు.

"అయితే ముందు ఇది చెప్పు. గుళ్ళు సీసమా, స్టీలా? ఏం నింపుదామని?"

ఓర్లిన్ బయటికి వెళ్ళి, బండిలో పక్క సీటు మీద బెల్టు పెట్టి కూర్చోబెట్టిన పెట్టెను, దహనశాల వాళ్ళిచ్చిన ఆ బూడిద పెట్టెను, రెండు చేతులా తెచ్చి కౌంటర్ మీద పెట్టి, "బెర్నీస్‌ని," అన్నాడు.