కాశమ్మ లెక్క

ముందే ఒప్పేసుకుంటున్నా: ఈ కథలో టీచర్ పాఠం చెప్పదు. కొత్త పద్ధతి అలాంటిది. ప్రశ్న పిల్లలే ఎంచుకోవాలి. నలుగురూ కలిసి జవాబూ వాళ్ళే వెతుక్కోవాలి. టీచర్ నోరు మూసుకోవాలి. బ్యూలా టీచర్‌కి ఈమధ్య ఆ విద్య బాగానే పట్టుబడింది.

ఒమన్‌లోని నిజ్వాలో ఒక ఇండియన్ స్కూలు. ఏడో తరగతి. తెలుగు పిల్లల గ్రూపు “రాయమంటారా మిస్?” అని రెండుసార్లు అడిగి, బోర్డు మీద తమ ప్రశ్న రాసింది.

“కాశమ్మాంటీ ఎలా మర్చిపోయింది?”



కాశమ్మ స్కూలు బస్సులో ఆయా. కడప మనిషి. పోయిన నెల ఒక ఎల్‌కేజీ పాప బస్సులోనే నిద్రపోయింది. చూసుకోకుండా తలుపులు వేసేశారు. మధ్యాహ్నం దాకా బస్సు ఎండలోనే ఉంది. పాప మళ్ళీ లేవలేదు. కాశమ్మని పోలీసులు తీసుకెళ్ళారు. ఇక్కడ ఆదివారం పనిరోజే; కోర్టు ఆ రోజే. తప్పంతా ఆమెదేనని స్కూలు చెప్పబోతోంది. చెబితే జైలే.

క్లాసు చూడ్డానికొచ్చిన ప్రిన్సిపాల్ రామసుబ్బయ్య వెనక బెంచీలోంచి లేచి బ్యూలా దగ్గరికి వచ్చాడు.

“ఇదేం ప్రశ్నమ్మా? అందులోనూ మీ క్లాసులో! ఇక్కడి పాతకాలపు ఫలజ్ నీటి కాలువల మీదో దేనిమీదో చెయ్యమనండి.”

“ప్రశ్న వాళ్ళది సార్. నేను ఆపకూడదు కదా.”

“ఇంకొన్నాళ్ళు సెలవు పెట్టమంటే వినరు మీరు,” అని గొణుక్కుంటూ వెళ్ళి కూర్చున్నాడు.

పిల్లలు బెంచీలు జరిపి, మధ్యలో దారి వదిలి, బస్సు తయారుచేశారు. అస్రా చున్నీ నడుముకి బిగించింది.

“ఆయమ్మని నేనే. ఆమె నడక, ఆమె లెక్క అన్నీ వస్తయ్ నాకు.”

“నీకు వచ్చేది అరుపొక్కటే,” అన్నాడు కమ్రాన్.

రెండు మూడు నవ్వులు లేచాయి. బ్యూలా మొహం చూసి అక్కడే ఆగిపోయాయి.

“యాడికిరా అట్లా దూకేది? ఒగొగరే దిగండి!” అస్రా గొంతులో అచ్చం కాశమ్మ. ఒక్కొక్క తలా ముట్టుకుంటూ లెక్కపెట్టింది. ఎక్కేటప్పుడు ఎంతమందో దిగేటప్పుడూ అంతమందే. కాశమ్మ రోజూ చేసేది అదే. లెక్క తప్పితే డ్రైవర్‌ని బస్సు కదపనివ్వదు.

“ఆ రోజు కూడా సరిపోయింది,” అన్నాడు లెవి. వాడిది అదే బస్సు. “‘అందరూ దిగినారు, పోనీ అన్నా’ అంది. నేను విన్నాను.”

“అబద్ధం చెప్పిందేమో.”

“ఆయమ్మా? నీకు పిచ్చా?”

“పోనీ ఎక్కేటప్పుడే ఒకటి తక్కువ లెక్కపెట్టిందేమో!”

“అప్పుడూ ఒకటి తక్కువ, ఇప్పుడూ ఒకటి తక్కువ. ఒకే పిల్లని రెండుసార్లూ ఎలా వదిలేస్తదిరా?”

 బ్యూలా ఒక్క మాట అందిస్తే చాలు, తేలిపోతుంది. అందించలేదు. గోడకి ఆనుకుని, మార్కర్ మూత తీస్తూ పెడుతూ నిలబడింది.

“మళ్ళీ చేద్దాం,” అంది అస్రా. “డయానా, నువ్వు కూడా ఎక్కు.”

ఈసారి అస్రా చెయ్యి తలా తలా దాటుకుంటూ వచ్చి, డయానాని వదిలేసి పక్కవాడి మీద పడింది.

“దీన్ని లెక్కపెట్టలేదేం?” అన్నాడు లెవి.

“దీన్నా? ఆయమ్మ ఎప్పుడూ లెక్కపెట్టదుగా. వాళ్ళమ్మ తొమ్మిదో తరగతి మ్యాథ్స్ మిస్. టీచర్ల పిల్లలు వాళ్ళమ్మతోనే ఎక్కుతరు, వాళ్ళమ్మతోనే...”

అస్రా మాట మధ్యలోనే ఆగిపోయింది. డయానా మెల్లగా బెంచీ మీంచి లేచింది.

రామసుబ్బయ్య గబగబా ముందుకొచ్చాడు. “చాలు. బెల్లు టైమైంది. బెంచీలు సర్దండి.”

“కూర్చోండి సార్,” అంది బ్యూలా. “వాళ్ళింకా పూర్తి చెయ్యలేదు.”

ఎవరూ బెంచీలు సర్దలేదు.  చివరికి లెవి చెయ్యెత్తాడు.

“అయితే ఆ రోజు మీ పాపని లేపకుండా మీరొక్కరే దిగిపోయారా, మిస్?”