సందు తిరిగా!

బోర్డు మీద ఆ స్లాటు ఎర్రగా మిణుకుమంటోంది. బుక్ చేసుకున్న కారు ఇంకా రాలేదు. గడువు దాటిందంటే దాన్ని వెనక కాచుకున్న కారుకి ఇచ్చేయాలి. పార్కింగ్ గేటు దగ్గర అతని డ్యూటీ అదే. మొన్ననే ఎవరి మీదో జాలిపడి మేనేజరు చేత చీవాట్లు తిన్నాడు. ఇంకోసారి జాలిపడితే ఉద్యోగం ఊడుతుందట.

"కాస్త ఆగు అన్నయ్యా, మా ఆయన వచ్చేస్తారు," అంది గేటు పక్కన నిలబడ్డ ఆవిడ. స్లాటు బుక్ చేసింది ఆవిడే. "పదకొండింటికల్లా ఇద్దరం కలిసి సంతకాలు పెట్టాలి. తప్పిందంటే మళ్ళీ ఎన్ని నెలలు ఆగాలో!"

ఇల్లు కొనుక్కుంటున్నారు కాబోలు అనుకున్నాడు. చుట్టూ అన్నీ సర్కారు ఆఫీసులే.

ఆవిడ ఫోను మోగింది. "వచ్చేశా, సందు తిరిగా!" అన్న కేక అతనికీ వినిపించింది.

"విన్నావుగా? 'వచ్చేశా' అంటే స్నానమైందని. 'సందు తిరిగా' అంటే ఇప్పుడే బండి తీశారని," ఆవిడ నవ్వేసింది. "కళ్ళజోడు ఎలాగూ మర్చిపోతారు. పాతది నా దగ్గరుంటే తెచ్చాను."

అతని మనసు కరిగిపోయింది. తన ఆవిడైతే ఈపాటికి తలుపు గడియ పెట్టేసేది.

వెనక కారాయన హారన్ మీంచి చెయ్యి తీయడం లేదు. ఆ గోలకి మేనేజరు పరుగున వచ్చాడు.

"స్లాటు వదులుతావా, ఉద్యోగం వదులుతావా?"

"చిలకాగోరింకల్లా ఉన్నారు సార్. ఒక్క ఐదు నిమిషాలు."

"అయితే నువ్వు దయచేయి."

అతను మెళ్ళో ఈల తీసి మేనేజరు చేతిలో పెట్టాడు. నేరుగా వెళ్ళి ఆ స్లాటు మధ్యలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఉద్యోగమే లేనివాడికి రూలేమిటి?

కారు రానే వచ్చింది. అతను పక్కకి తప్పుకున్నాడు. దిగిన మనిషికి నిజంగానే కళ్ళజోడు లేదు. ఆవిడ తెచ్చింది తగిలించి, చొక్కా కాలరు సర్దింది. చూస్తుంటే అతనికి కళ్ళు చెమర్చాయి. ఉద్యోగం పోతే పోయింది, ఒక పచ్చటి సంసారానికి పనికొచ్చాననుకున్నాడు.

"శుభమా అని సంతకాలు పెట్టండమ్మా," అన్నాడు.

ఆవిడ చేతులు జోడించింది. "నీ మేలు మర్చిపోలేను అన్నయ్యా, ఈ పూట కూడా ఈయన అందుకోకపోతే మళ్ళీ వాయిదా పడేవి మా విడాకులు!"